మంచు సముద్రం రెండో సంపుటం

తలుపు కొందామని బారువ వెళ్ళి పుస్తకం కొనుక్కొచ్చిన దాన్ని నేను. పలాసలో మా జీడి ఫ్యాక్టరీ వెనకాల ఒక గది వేయించుకుంటున్నాం. బారువలో ఓడల వ్యాపారం సాగిన రోజుల నాటి ఇల్లొకటి పడగొడుతున్నారని, టేకు తలుపులు చవగ్గా వస్తాయని తెలిసి నేనే బయల్దేరాను. మా ఆయన్ని బేరానికి పంపితే అవతలివాడు అడిగిన దానికంటే ఎక్కువిచ్చి, పైగా కాఫీ కూడా తాగించి వస్తారు.

ఆ ఇంటి వసారాలో తలుపులూ కిటికీలూ గోడకు చేరవేసి ఉన్నాయి. వాటిలో ఒక గుమ్మం పక్కకి ఒరిగిపోకుండా కింద ఎత్తు పెట్టారు. ఇటుక అనుకున్నాను. వంగి చూస్తే తోలు అట్ట. లాగి తీసి, కొంగుతో దుమ్ము దులిపి తెరిచాను. లోపల బొమ్మ. వెంట్రుకంత సన్నటి నల్లగీతలతో అచ్చువేసిన తెరచాపల ఓడ, దాని చుట్టూ మంచుకొండలు, మంచు మీద చీమల్లా టోపీల మనుషులు. బొమ్మ పాడవకుండా దాని మీద ఉల్లిపొర లాంటి కాగితం కప్పి ఉంది. ఆ కాగితం ఎత్తితే ఓడ బయటికొచ్చేది, వదిలితే మళ్ళీ మంచులోకి పోయేది. ఎత్తుతూ దించుతూ అక్కడే నిలబడిపోయాను. తలుపు సంగతి పలాసలో బస్సు దిగేదాకా గుర్తు రాలేదు.

"తలుపేది?" అన్నారు మా ఆయన. చేతిలో పుస్తకం చూపించాను.

"తలుపు కొంటానని ఎల్లి, తలుపు కింద ఎత్తు కొనీసినావేటి?"

ఆ గదికి తర్వాత ఇనప తలుపు పెట్టించాం. పుస్తకం మాత్రం నా జీవితాన్ని పట్టుకుంది. దక్షిణాన ఉన్న మంచు సముద్రానికి వెళ్ళిన రెండు నౌకాదళపు ఓడల కథ అది. ఓడలోని వైద్యుడు రాశాడు, ఒక అధికారి బొమ్మలు గీశాడు. టెక్కలి కాలేజీలో చదువుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆఖరి పేజీలో ఓడలు రెండూ మంచులో ఇరుక్కుపోయాయి. అంతే. మొదటి సంపుటం సమాప్తం.

ఫోన్‌లో వెతికితే మిగతా కథ దొరుకుతుంది కదా అని అందరూ అన్నారు. దొరుకుతుందేమో. సినిమా సగంలో కరెంటు పోతే, పక్కింటావిడ వచ్చి క్లైమాక్సు చెబుతానంటే వింటామా? ఆ ఓడల్ని మంచులోంచి తీస్తే ఆ కాగితమే, ఆ గీతలే తియ్యాలి.

రెండో సంపుటం కోసం వెతుకుతూ మిగతా ఓడల పుస్తకాలు కొనడం మొదలుపెట్టాను. విశాఖపట్నంలో పాత పుస్తకాల షాపులు తిరిగాను. కలకత్తాలో ఒక వ్యాపారి వాట్సాప్‌లో ఫొటోలు పంపేవాడు. తీరాలకు పటాలు గీసిన ఓడలు, సముద్రం లోతు కొలిచిన ఓడలు, దీవుల్లో పిట్టల బొమ్మలు వేసుకొచ్చిన ఓడలు. వాటికి చెదలు పట్టకుండా అలమర చెక్కలకు మా ఫ్యాక్టరీలోనే దొరికే జీడిపెంకు నూనె రాశాను. చెదలు రాలేదు గానీ, ఆ నూనె తగిలిన నా వేళ్ళు తోలూడి, ఉడకబెట్టిన చిలగడదుంపల్లా తయారయ్యాయి. ఆ చేతులతోనే చుట్టాల పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేశాను.

ఇక మా బావ సంగతి. మా అక్క మొగుడు. టెక్కలి కోర్టులో ప్లీడరు. నా అలమర చూసి, "ఆడోల్లకి ఓడలెందుకు మరదలా? పట్టుచీరలు కొనుక్కో" అని వెళ్ళినవాడు, నెల తిరక్కుండా తనూ ఓడల పుస్తకాలు కొనడం మొదలెట్టాడు. పైగా ఎవరు అడిగినా, చిన్నప్పట్నుంచీ తనకు ఆ పిచ్చి ఉందనీ, మరదలికి తానే అంటించాననీ చెప్పేవాడు. కోర్టులో అబద్ధమాడి అలవాటైన నోరు.

కలకత్తా వ్యాపారి దగ్గర ఒక పుస్తకం ధర రోజురోజుకూ పెరుగుతుంటే, అవతల ఎవడో పెద్ద జమీందారు పోటీకి వచ్చాడనుకున్నాను. ఒక ఆదివారం అక్క ఇంట్లో భోజనాల దగ్గర బావ, "కలకత్తాలో నా మీద ఎవలో మార్వాడీ పోటీకొచ్చినాడు, వదల్ను" అన్నాడు. మా అక్క పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి నా మొహం చూసింది. ఆ జమీందారూ ఆ మార్వాడీ ఒకే విస్తరి వరసలో కూర్చుని ఉన్నారు.

దానికి ప్రతీకారం తీర్చుకోవద్దూ? నిమ్మాడలో ఒక రైతు ఇంట్లో తాతలనాటి పెట్టె నిండా ఓడల బొమ్మల పుస్తకాలున్నాయట, ఎవరికీ చెప్పకు అని అక్కకు చెప్పాను. అక్కకు చెబితే బావకు చెప్పినట్టే. మిట్టమధ్యాహ్నం ఎండలో బావ స్కూటరు మీద నిమ్మాడ వెళ్ళాడు. పెట్టె ఉన్న మాట నిజమే. దాని నిండా పాత పంచాంగాలున్న మాటా నిజమే, నాకు ముందే తెలుసు. నాకు తెలియనిదల్లా ఆ రైతుకు గట్టు తగాదా ఒకటి ఉందని. వెతక్కుండా ప్లీడరు గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన బావకు మజ్జిగ ఇచ్చి, మంచం వేసి, పొద్దు వాలేదాకా తగాదా అంతా చెప్పాడు. బావ కేసు పట్టాడు. గెలిచాడు. అప్పట్నుంచీ ఆ రైతు ఏటా బావ ఇంటికి వంకాయలూ గుమ్మడికాయలూ పంపుతున్నాడు. నేను తీసిన గోతిలో బావకు కూరగాయలు పండాయి.

అంతటితో బావ ఊరుకున్నాడా? మా ఆడపడుచులు వచ్చిన రోజున నా పేర పార్సిల్ వచ్చింది. తోలు అట్ట, వెన్ను మీద బంగారు రంగు ఓడ. అందరి ముందూ గొప్పగా, చేతులు కడుక్కుని మరీ తెరిచాను. లోపల ఎప్పటివో హైకోర్టు తీర్పులు. బైండింగు వాడికి చెప్పి కొత్తగా అట్ట వేయించాడు. మా పెద్దాడపడుచు కళ్ళజోడు పెట్టుకుని, "ఓడలేవే వదినా, అన్నీ అక్షరాలే" అంది.

ఇలా సాగుతుండగా ఒకనాడు బావ ఫోన్ చేశాడు. గొంతులో తేనె.

"మరదలా, మంచులో ఇరుక్కున్నోలు ఏటైపోనారో తెలుసా?"

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. "నీకెలా తెలుసు?"

"రెండో సంపుటం నా బల్ల మీదుంది."

టెక్కలిలో పాత సామాన్లు కొనేవాడి దగ్గర, ఎవరో ఖాళీ చేసిన ఇంటి చెత్తలో దొరికిందట. అదే తోలు, అదే అచ్చు. రెండూ ఒకనాడు ఒకే ఇంట్లో పక్కపక్కన ఉన్నాయో ఏమో. మా అక్కనీ నన్నూ ఇచ్చినట్టే, ఒకటి టెక్కలికి ఒకటి పలాసకు చేరాయి.

నాకు ముగింపు కావాలి. బావకు మొదలు కావాలి. ఇద్దరం ఇవ్వం. అమ్మమంటే అమ్మం. చదివి ఇస్తానంటే నమ్మం. రోజూ పొద్దున్నే బావ ఫోన్ చేసి, "సెప్పీమంటావా? ఒక ఓడ..." అని మొదలెట్టేవాడు. నేను ఫోన్ పెట్టేసేదాన్ని. నేనేమన్నా తక్కువదాన్నా? మొదటి సంపుటంలోని ఆ బొమ్మకు ఫొటో తీసి, ఓడ ఉన్న చోట బొటనవేలు అడ్డం పెట్టి పంపేదాన్ని.

చివరికి మా అక్కకు విసుగెత్తింది. మా అక్క పెద్దగా చదువుకోలేదు, పెద్దగా మాట్లాడదు. అలాంటివాళ్ళు మాట్లాడితే వినక తప్పదు. నన్ను టెక్కలి పిలిపించి, ఇద్దర్నీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టింది.

"మీరిద్దరూ ఓడలు, ఓడలని కొట్టుకు సచ్చిపోతన్నారు. పుట్టి బుద్దెరిగి ఒక్కసారైనా సంద్రమ్మీదికి ఎల్లినారేటి?"

ఇద్దరమూ వెళ్ళలేదు. నాకైతే ఘాటురోడ్డు మీద బస్సెక్కినా కడుపులో తిప్పుతుంది. బావ కారులో వెనక సీట్లో కూర్చోలేడు.

"బారువలో మనకి ఎండుసేపలు తెచ్చే ఆవిడ లేదా, ఆవిడ పెనివిటికి బోటుంది. పొద్దున్నే ఎల్దుం. పడవెక్కి, కక్కుకోకుండా ఎవలు గట్టుకొత్తే రెండు పుస్తకాలూ ఆలవే."

"ఒప్పుకున్నాను" అన్నాడు బావ. నేనూ ఒప్పుకున్నాను. ఇద్దరూ కక్కుకుంటే ఏమిటని అంతటి ప్లీడరూ అడగలేదు.

చలికాలం, సముద్రం నెమ్మదిగా ఉండే రోజులు. తెల్లారాక బారువ చేరాం. ఇద్దరం రహస్యంగా వాంతులు కాకుండా మాత్రలు మింగాం. బావ జేబులోంచి మాత్రల అట్ట కిందపడితే తలనొప్పికి అన్నాడు. నా నోట్లో నిమ్మకాయ బద్ద ఉంది కాబట్టి నేనేమీ అనలేదు. తర్వాత ఒకరి మీద ఒకరికి ఎక్కడలేని ప్రేమ పుట్టింది. బావ నాకోసం హోటల్ నుంచి నూనె కారుతున్న పూరీలు తెచ్చి, "తిను మరదలా, ఖాళీ కడుపుతో ఎక్కకూడదు" అన్నాడు. నేను బావకోసం నేతిలో వేయించి, కారం చల్లిన గుండు జీడిపప్పు డబ్బా తీసి ఇచ్చాను. పూరీలు నేను కుక్కకు పెట్టాను. బావ మాత్రం డబ్బాలో సగం తినేశాడు. ప్లీడరైనా, ప్రవక్తైనా పలాస జీడిపప్పు ముందు నిలవలేడు.

బోటాయన మా ముగ్గురికీ నారింజరంగు జాకెట్లు తొడిగాడు. జాలర్లు బోటును ఇసకలోంచి నీళ్ళలోకి తోశారు. కెరటాలు విరిగే చోట బోటు ముక్కు ఆకాశంలోకి లేచి, ధడాలున కింద పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. నేను అక్క భుజం పట్టుకున్నాను. బావ నా జడ పట్టుకున్నాడు. ఆ కెరటాలు దాటాక నీళ్ళు ఒక్కసారిగా నెమ్మదించాయి.

వెనక్కి తిరిగి చూశాను. పుట్టినప్పట్నుంచీ ఈ ఉద్దానం నేల మీదే ఉన్నాను. దాన్ని సముద్రంలోంచి చూడటం అదే మొదలు. ఇసక గీత, దాని వెనక కొబ్బరితోటల నల్లటి వరస, లైట్‌హౌస్, ఎక్కడో దూరంగా కొండలు. నా పుస్తకాల్లో ఓడ మీద నిలబడి గీసిన తీరాల బొమ్మలు ఇలాగే ఉంటాయి, పొడవుగా, సన్నగా. ఆ బొమ్మల మీద ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో, ఎవరిదో దేశం కదా అనుకుంటూ. ఇప్పుడు అందులో మా ఇళ్ళున్నాయి. బావకు చెబుదామని అటు తిరిగాను.

బావ నా మాట వినే స్థితిలో లేడు. చెయ్యి చాపి, "సముద్రయానంలో దృష్టి ఎప్పుడూ దిగంతం మీద నిలపాలి. నేను కొన్న మూడో పుస్తకంలో, ఐదో అధ్యాయంలో..." అంటున్నాడు. సరిగ్గా అప్పుడే బోటాయన ముందురోజు వేసిన వల చూసుకుందామని ఇంజిను ఆపాడు.

ఇంజిను ఆగాక తెలిసింది సముద్రమంటే. బోటు ముందుకీ పోదు, వెనక్కీ పోదు. ఉయ్యాల్లో పాపను ఊపినట్టు పక్కలకు ఊపుతుంది. పెట్రోలు వాసన, వల వాసన కలిసి వచ్చాయి. బావ ఐదో అధ్యాయం మధ్యలో ఆగిపోయాడు. మొహం లేత కొబ్బరాకు రంగుకు తిరిగింది. అది చూసి నాకు నవ్వాగలేదు. నవ్వడానికి నోరు తెరవడమే నేను చేసిన పొరపాటు.

ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్నది ఈనాటికీ తేలలేదు. బావ ఆ వైపు, నేను ఈ వైపు వంగి ఉన్నాం కాబట్టి బోటు మాత్రం ఒరగలేదు.

"బాబూ, కిందికి సూడకండి. గట్టుకేసి సూడండి" అంటున్నాడు బోటాయన.

"గట్టుకే తీసుకెళ్ళవయ్యా, నీకు పున్నెముంటది" అన్నాడు బావ.

మా అక్క బోటు ముక్కు దగ్గర కొంగు నడుముకు బిగించి, కాళ్ళు చాపుకుని, బావ వదిలేసిన జీడిపప్పు తింటోంది. గాలికి జుట్టంతా రేగి, ఎవరో కొత్తావిడలా ఉంది. "అన్నా, ఇంకాస్త లోనకి ఎల్దుమా? ఇక్కడ్నించి సరిగ్గా అగుపడ్డం లేదు" అంది.

నేనూ బావా కలిసి ఒకే మాట మీద నిలబడిన సందర్భం నా ఎరుకలో అదొక్కటే. ఇద్దరం ఒకేసారి "వద్దు!" అని అరిచాం.

గట్టుకు చేరి ఇసకలో కూలబడ్డాక అక్క తీర్పు చెప్పింది. "పడవెక్కి కక్కుకోనిది నాను. పుస్తకాలు రెండూ నావి."

బావ పడుకునే వాదించాడు. "నువ్వు పోటీలో లేవు కదే!"

"నాను ఎక్కింది పడవ కాదేటండీ?"

"అలగైతే బోటాయనా కక్కుకోలేదు. ఆయనకీ వాటా ఉండాల."

బోటాయన వల మడతపెడుతూ నవ్వాడు. "నాకెందుకు బాబూ! రోజూ సూసే నీల్లే. మల్లీ ఇంటికాడ బొమ్మలో కూడానా?"

కేసు కొట్టేశారు.

రెండు సంపుటాలూ అక్క బీరువాలో పట్టుచీరల మధ్యకు వెళ్ళిపోయాయి. తాళంచెవి అక్క బొడ్లో. ఆదివారం మాత్రం తీస్తుంది. చేతులు కడుక్కోవాలి, కాఫీ గ్లాసు దూరంగా పెట్టాలి. పైగా ఇంకో షరతు. ఆ కథ తనకు తెలుగులో చెప్పాలి, మొదటిది నేను, రెండోది బావ. అలా ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం పలాస నుంచి టెక్కలి బస్సెక్కాను. నేను చదివి చెబుతుంటే బావ మొట్టమొదటిసారి ఓడలు రేవు వదలడం విన్నాడు. అక్క చింతపండులో గింజలు తీస్తూ వినేది, ఓడల గురించి మాత్రం ఎప్పుడూ అడిగేది కాదు. ఒక బొమ్మలో ఓడ పైభాగాన ఒక మూల మేక కట్టేసి ఉంది. పాల కోసం తీసుకెళ్ళారు. మా అక్క చూపు దాని మీద పడింది.

"మేక సలికి ఎలగుంది? దానికేటి పెడతన్నారు?"

బావ వంతు వచ్చింది. మంచులో రంపాలతో కాలువ కోసి, ఓడల్ని తాళ్ళతో లాగి, ఎండలు ముదిరాక మొత్తానికి బయటపడ్డారు. బావకు ఆ కథ ముందే తెలిసినా మంచు పగిలే చోటు రెండుసార్లు చదివాడు. నేను అన్నాళ్ళూ ఎదురుచూసిన ముగింపు అది. అందరూ ఇళ్ళకు చేరారు.

"మేక?" అంది అక్క.

బావ పేజీలు వెనక్కి తిప్పాడు. నేనూ వెతికాను. మేక ఊసే లేదు.

"మడుసులందరి లెక్కా రాసినాడు, దాని మాట రాయలేదేటి? డాక్టరు కాడా ఆడు?"

"తినేసుంటారులే" అన్నాడు బావ. ఆ రోజు మధ్యాహ్నం ఆయన విస్తట్లో పెరుగు పడలేదు.

కొన్నాళ్ళకు బావ గుసగుసగా ఫోన్ చేశాడు. "మరదలా, అర్జెంటుగా రా. మీ అక్క కలకత్తావోడితో మాటాడీసింది." రెండో సంపుటం చివర ఒక ప్రకటన అక్క కంట పడితే పక్కింటి పిల్లాడి చేత చదివించింది, మూడోది కూడా ఉందట. మేక సంగతి అందులో ఉండి తీరుతుందని, మాకెవరికీ చెప్పకుండా బావ ఫోన్‌లోంచే ఆ వ్యాపారికి తెలుగులో మాట్లాడి వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆయన బెంగాలీలో జవాబిచ్చాడు. ఏం అర్థం చేసుకున్నారో ఏమో, ఇద్దరికీ బేరం కుదిరింది. మేమిద్దరం ఏళ్ళ తరబడి వాడితో తెగ్గొట్టలేని బేరం!

నేను వెళ్ళేసరికి పార్సిల్ విప్పి ఉంది. మూడో సంపుటంలో కథ లేదు, మేక అసలే లేదు. అన్నీ మడతపెట్టిన సముద్ర పటాలు. అక్క మొహం చిన్నబోయింది. "అన్నీ గీతలే" అంది. అయినా అన్నిటికంటే పెద్దది విప్పింది. అది మంచం దాటి నేల మీదికి పాకింది. బావ ఒక మూల, నేనొక మూల పట్టుకున్నాం. ఓడలు వెళ్ళిన దారి చుక్కల గీతగా సముద్రమంతా తిరిగి, మంచు దగ్గర చిక్కుపడిన దారంలా గిరికీలు కొట్టింది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఆ చిక్కును వేలితో మెల్లగా అనుసరించింది.

తర్వాత దాన్ని మళ్ళీ మడవాల్సి వచ్చింది. ఇటు నుంచి అని బావ, కాదు అటు నుంచి అని నేను. అక్క ఇద్దర్నీ తప్పుకోమని తనే మడిచింది. అట్టలో పట్టలేదు. మళ్ళీ విప్పాం. పొద్దు వాలేదాకా మడుస్తూ, విప్పుతూ, తిట్టుకుంటూనే ఉన్నాం. నా ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. అక్క అన్నం వండడానికి లేస్తూ, "ముట్టుకున్నారో!" అని ఇద్దర్నీ హెచ్చరించి వెళ్ళింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే బావ పటానికి ఆ అంచు పట్టుకున్నాడు, నేను ఈ అంచు పట్టుకున్నాను.